బుడంకాయ రాయించిన పరీక్ష

ఆకలి రుచెరగదన్న పెద్దమనిషి ఎవరో గానీ, మా బుడంకాయను చూసి ఉంటే ఆ మాట వెనక్కి తీసుకునేవాడు. నాలుగు నెలల వెధవ. పాల సీసా నోటి దగ్గర పెడితే చాలు, పగవాణ్ణి చూసినట్టు మొహం తిప్పేసుకుంటాడు. వేడిగా పెట్టాం, చల్లగా పెట్టాం, సీసాకు వాళ్ళమ్మ పాత చీర ముక్క చుట్టి పెట్టాం. ఒకరోజు నేనే నా కోడలి నైటీ తొడుక్కుని, దీపం ఆర్పి, సీసా పట్టుకుని కూర్చున్నాను. వాడు నన్ను కిందినుంచి పైకి ఒకసారి చూసి, ఈ ముసల్ది ఎవర్ని మోసం చేద్దామనుకుంటోంది అన్నట్టు గుక్కపట్టాడు. ఆ గుక్కకు పక్కింటివాళ్ళు లేచి లైటు వేసుకున్నారు.

అలాంటివాడి తల్లికి సర్వేయరు పరీక్ష వచ్చి పడింది.

నాది దర్జీ పని. ప్యాంట్లు, చొక్కాలు, కోట్లు. వీధిలో మగవాళ్ళంతా నా టేపు కిందికి వచ్చినవాళ్ళే. నా కోడలు భూములు కొలిచే చదువు చదివింది. నువ్వు గుడ్డ కొలువు, నేను భూమి కొలుస్తాను అన్నట్టు ఇద్దరం బాగానే కుదిరాం. అంతకుముందు రెండుసార్లు రాసింది, రెండుసార్లూ అంగుళం దూరంలో తప్పింది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్ళీ రాయనివ్వరు. మా అబ్బాయి లారీ మీద వెళితే వారం పది రోజులకు గానీ ఇంటికి రాడు. పిల్ల పగలంతా బుడంకాయను మోస్తూ, వాడికి పాలిస్తూ, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని చదివింది. నేను కళ్ళారా చూశాను. అందుకే ఆ పరీక్ష నాకూ ప్రాణం మీదికి వచ్చినట్టే ఉంది.

కోడలు ముందే పరీక్ష పెట్టే ఆఫీసుకు ఫోన్ చేసి అడిగింది. పాలిచ్చే తల్లులు మధ్యలో బయటికి వచ్చి బిడ్డకు పాలివ్వొచ్చనీ, ఆ కాసేపూ చివర్లో కలుపుతారనీ, అది వాళ్ళ హక్కేననీ అక్కడెవరో చెప్పారు. కోడలు నమ్మింది. నేను నమ్మలేదు. ఫోన్లో ఇచ్చిన మాటకు గుండీ లేని చొక్కాకున్నంత బలం అని నా అభిప్రాయం.

పరీక్ష పెట్టింది మా పేటలో స్కూల్లోనే. ఆ హెడ్మాస్టరు నాకు బాగా తెలుసు, ఆయన ప్యాంట్లు కుట్టేది నేనే. నా దగ్గర కుట్టించుకునే ప్రతివాళ్ళకూ నేను పెట్టుకున్న పేరొకటి ఉంటుంది. ఒకాయన పొడుగు కాలరు. ఒకాయన మూడు జేబులు. మా పాలవాడు వంకర భుజం. హెడ్మాస్టరుకూ ఒక పేరుంది. అది ఆయన చెవిన పడకుండా ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చాను.

ఆ రోజు ఆయన హాలు గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినే లోపలికి పంపుతున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే రూలు అన్న మాట వింటే చాలు, ఇస్త్రీ చేసిన కాలరులా బిగుసుకుపోతాడు.

"ఈ పిల్లాడెవరు?" అన్నాడు.

"మా మనవడు సార్. పరీక్ష రాసేది వీళ్ళమ్మ."

"బయటి వ్యక్తులకు ప్రవేశం లేదు."

"వీడు బయటి వ్యక్తా? నాలుగు నెలల కిందటి దాకా లోపలివాడే కదా సార్!"

వెనక వరసలో అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. నా కోడలు నా మోచేయి గిల్లి, ముందుకు వచ్చి మర్యాదగా చెప్పింది. "సార్, పాలిచ్చే తల్లులకు మధ్యలో వెళ్ళి పాలిచ్చే వీలుందని ఆఫీసువాళ్ళు చెప్పారు. ఆ టైము చివర్లో ఇస్తారట."

"నాకిచ్చిన నిబంధనల్లో అలాంటిదేం లేదమ్మా."

"అన్నీ చదివారా సార్?"

"నేను ఇరవై ఏళ్ళ నుంచి పరీక్షలు జరిపిస్తున్నాను," అన్నాడాయన. చదివానని మాత్రం అనలేదు. నేను గమనించాను, ఆ మాట నా నోటి దాకా వచ్చింది కూడా. కోడలు మళ్ళీ గిల్లింది.

చివరికి, వరండా చివర బెంచీ మీద కూర్చోండి, చప్పుడు వస్తే గేటు బయటికి పంపించేస్తాను అన్నాడు. చప్పుడు నా చేతిలో లేదు సార్, వీడి నోట్లో ఉంది అన్నాను. కోడలు బిడ్డకు కడుపు నిండా పాలిచ్చి, వాణ్ణి నా ఒళ్ళో పెట్టి, "అత్తయ్యా, మీకు దణ్ణం పెడతాను, ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి" అంది.

"నేనెప్పుడు పెట్టుకున్నాను?"

అది నా మొహంలోకి ఒకసారి చూసి, లోపలికి వెళ్ళిపోయింది.

కొంతసేపు వాడు బుద్ధిమంతుడిలా నిద్రపోయాడు. గోడకు వేలాడదీసిన ఇనుప గంటను చూస్తూ నేనూ కునుకు తీశాను. తరవాత వాడు లేచాడు. లేచి, అటూ ఇటూ చూసి, వాళ్ళమ్మ లేదని తేల్చుకుని, మొదలుపెట్టాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా. మావాడు అడిగాడు. పేటంతా వినేలా అడిగాడు. సీసా పెడితే చేత్తో కొట్టాడు. భుజాన వేసుకుని వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి తిరిగాను, అటు తిరిగితే అటు కిటికీల్లోకీ, ఇటు తిరిగితే ఇటు కిటికీల్లోకీ అరిచాడు. లోపల పరీక్ష రాసేవాళ్ళు చెవులు మూసుకున్నారు. నా కోడలు తల దించుకుని పెన్ను పట్టుకుని కూర్చుంది గానీ, ఆ పెన్ను కదలడం లేదు. కిటికీలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. దాని జాకెట్టు ముందంతా తడిసిపోయి, పైట దగ్గరికి లాక్కుంటోంది. బిడ్డ ఏడుపు వింటే పాలు ఆగవు కదా.

హెడ్మాస్టరు బయటికి వచ్చాడు. "చెప్పానా లేదా? గేటు బయటికి వెళ్ళండి."

"గేటు బయటికి వెళితే వీడి గొంతు తగ్గుతుందా సార్? పోనీ, మీరు పట్టుకుని చూడండి." వాణ్ణి ఆయన చేతుల్లోకి తోశాను. ఆయన వాణ్ణి వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. బుడంకాయ ఆయన మొహంలోకి చూసి, ఒక్క క్షణం ఆగి, అంతకు రెట్టింపు గొంతుతో అందుకున్నాడు.

లోపలినుంచి ఎవరో కుర్రాడు అరిచాడు. "సార్, ఆ అమ్మను వదలండి సార్! మా పరీక్ష పోతోంది!"

"అవును సార్, వదలండి!" అని హాలంతా అందుకుంది.

ఆయన వాణ్ణి నాకిచ్చేసి గదిలోకి వెళ్ళి పైఆఫీసుకు ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది, అంతా వినిపించింది. అవతలివాళ్ళు ఏమన్నారో తెలియదు గానీ, ఈయన మాత్రం "ఉందా అండి?... ఎక్కడండి?... వెనక పేజీలోనా అండి?... అవునండి, ఉందండి" అన్నాడు. బయటికి వచ్చేసరికి ఆయన కాలరు కాస్త వాడింది.

"సరే. లెక్కల టీచరు దగ్గరుండి చూస్తారు. పాలివ్వమనండి. ఇక్కడ వద్దు, అటు మరుగుదొడ్ల పక్కన చాటుంది, అక్కడ."

నా కోడలు అప్పటికే గుమ్మంలోకి వచ్చింది. నేను నోరు తెరిచేలోపు అదే అంది, చాలా నెమ్మదిగా. "సార్, మీరు మధ్యాహ్నం అన్నం అక్కడ తింటారా?"

"ఛీ, అదేం మాట?"

"వాడికీ ఇది అన్నమే సార్."

అని వరండాలో బెంచీ మీద దర్జాగా కూర్చుంది. వాణ్ణి తీసుకుని, పైట సర్దుకుని, పాలివ్వడం మొదలుపెట్టింది. ఒక్కసారిగా స్కూలంతా చల్లబడింది. ఆ నిశ్శబ్దంలో బుడంకాయ గుటకలు వినబడ్డాయి. కుడిచేతి గుప్పిట్లో దాని పెన్ను అలాగే ఉంది. నేను కుట్టిన కోడలు కాదు గానీ, నేను కుట్టి ఉంటే ఇంతకంటే బాగా కుట్టేదాన్ని కాదు.

పాపం హెడ్మాస్టరుకు ఎటు చూడాలో తెలియలేదు. పైకప్పు చూశాడు, గంట చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు. తరవాత అటెండరును పిలిచి, "ఏదైనా అడ్డం పెట్టవయ్యా!" అన్నాడు. అటెండరు పరుగెత్తి వెళ్ళి క్లాసులోంచి గోడంత ప్రపంచ పటం మోసుకొచ్చాడు.

"ఒరే, పరీక్ష సర్వేయర్లది! మ్యాపు చూపిస్తావా? తీసెయ్, తీసెయ్!"

అటెండరు ప్రపంచాన్ని చుట్టుకుని ఒక మూల నిలబడ్డాడు.

అప్పుడు లెక్కల టీచరు మాట్లాడింది. సన్నటి మనిషి, అంతవరకూ నోరు విప్పలేదు. "ఇలా కూర్చుని ఇవ్వొచ్చని నాకు తోచనే లేదమ్మా. మా పెద్దదానికి ఇదే స్కూల్లో, ఆ మరుగుదొడ్డిలో నిలబడి ఇచ్చాను. ముక్కు మూసుకుని. ఏడాది పాటు."

హెడ్మాస్టరు తల తిప్పాడు. "ఇక్కడా? మీరెప్పుడూ నాతో చెప్పలేదే?"

"మీరెప్పుడూ అడగలేదు సార్."

ఆయన మళ్ళీ చెప్పులు చూసుకున్నాడు. ఈసారి చాలాసేపు చూసుకున్నాడు.

అంతటితో అయిపోతే బాగుండేది. కానీ పైనుంచి పోసింది కిందినుంచి రాకుండా ఉంటుందా? బుడంకాయ వాళ్ళమ్మ ఒళ్ళంతా తడిపేశాడు. నేను సంచీలోంచి పొడి న్యాపీ తీసి కోడలి చేతికి అందించాను.

సరిగ్గా ఆ క్షణాన, కాపీలు పట్టుకునే స్క్వాడు ఆఫీసరు వరండా మెట్లెక్కాడు.

నల్లకళ్ళద్దాలు, బిగించిన పెదవులు, వంకర ముక్కు. చూడగానే గద్ద అని పేరు పెట్టేశాను. వచ్చీ రాగానే కోడిపిల్లను తన్నుకుపోయినట్టు ఆ న్యాపీ లాక్కున్నాడు.

"బయటి మనిషి అభ్యర్థికి ఏదో అందిస్తోంది! నా కళ్ళతో చూశాను! ఏమిటిది?"

"న్యాపీ సార్," అన్నాను.

ఆయన విప్పి వెలుగుకు పట్టి చూశాడు. దాని మీద రాత ఉంది.

ఏం చెప్పమంటారు నా తెలివి! కొలతలు కాగితం మీద రాస్తే ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. అందుకని జేబుల లోపల వేసే తెల్లటి గుడ్డ ముక్కల మీద, ఉతికినా పోని పెన్నుతో రాసి, ఎవరి ప్యాంటు బట్టకు వాళ్ళ ముక్క పిన్ను పెడతాను. పని అయిపోయాక మెత్తటి గుడ్డ పారేయడానికి చేతులు రావు. బుడంకాయ పుట్టాక ఆ ముక్కలన్నీ ఉడకబెట్టి, ఉతికి, నాలుగేసి కలిపి న్యాపీలు కుట్టాను. మా పేటలో మగవాళ్ళ నడుములన్నీ మావాడి నడుం కింద ఉన్నాయి. అది నాకు ఇంట్లో నవ్వులాట. ఇక్కడ అలా లేదు.

గద్ద పైముక్క మీదున్నది గట్టిగా చదివాడు. "బొజ్జ సారు. నలభై రెండు. నలభై ఆరు. ముప్పై తొమ్మిది." కళ్ళద్దాలు తీసి అందరి వంకా చూశాడు. "కోడ్ భాష! నలభై రెండో ప్రశ్న, నలభై ఆరో ప్రశ్న, ముప్పై తొమ్మిదో ప్రశ్న!"

"మరి జవాబులేవి సార్?" అంది లెక్కల టీచరు.

"అదే కనిపెట్టాలి. ఆ బొజ్జ సారులో ఉంటుంది కిటుకంతా." అని నా కోడలి వైపు తిరిగాడు. "లేమ్మా. కాపీ కేసు. మూడేళ్ళు పరీక్షలు రాయడానికి లేదు."

నా కోడలు బిడ్డను ఇంకాస్త దగ్గరికి హత్తుకుంది. దాని కళ్ళల్లోంచి నీళ్ళు జారి వాడి నెత్తి మీద పడ్డాయి. మూడేళ్ళ సంగతి దేవుడెరుగు, దానికి మిగిలింది ఈ ఒక్క రోజు. నేను ఇంట్లో పొదుపు చేసిన గుడ్డ ముక్క దాని బతుకు మీదికి తెచ్చింది.

"అవి ప్యాంటు కొలతలు సార్! నడుము, సీటు, పొడుగు! నేను దర్జీని, టేపు చూడండి, మెడలోనే ఉంది!"

"ఎవరి కొలతలు? ఎవరీ బొజ్జ సారు?"

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. పడితే పడనీ అనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే కళ్ళు వాటంతట అవే హెడ్మాస్టరు వైపు వెళ్ళాయి. నా వెంట లెక్కల టీచరు కళ్ళు వెళ్ళాయి. అటెండరు కళ్ళు వెళ్ళాయి. ఆఖరికి బుడంకాయ కూడా పాలు వదిలి అటే చూశాడు.

"నేనా?" అన్నాడు హెడ్మాస్టరు.

"తప్పయిపోయింది సార్. ప్రేమతో పెట్టుకున్న పేరు."

"ప్రేమతోనా!"

మూలనుంచి ప్రపంచ పటం కుదుపులు కుదుపులుగా ఊగింది. దాని వెనక అటెండరు నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

గద్ద చేతులు కట్టుకున్నాడు. "మంచిది. కొలవండి. ఈయన నడుము నలభై రెండు వస్తే మీ మాట నిజం. రాకపోతే అమ్మాయి ఇంటికి. టేపు నేనే చదువుతాను."

టేపు మెడలోంచి తీశాను. తీస్తూ ఆయన నడుం చూశాను. ఆ కొలత పోయినేటిది. ఏడాదిలో హెడ్మాస్టరు గారు సుఖంగా ఉన్నారు. ముట్టుకోకుండానే చెప్పగలను, నలభై నాలుగుకు పైమాటే. ఆయన వేసుకున్నది నేను కుట్టిన ప్యాంటే, దాని గుండీ ఎంత కష్టపడుతోందో నాకు కనిపిస్తూనే ఉంది. పొద్దున్నుంచీ ఆయనతో వాదించాను. బిడ్డను ఆయన చేతుల్లో పడేశాను. ఇప్పుడు నలుగురిలో బొజ్జ సారుని చేశాను. ఆయన నా మీద కసి తీర్చుకోవాలంటే ఏమీ చెయ్యక్కర్లేదు. మామూలుగా ఊపిరి పీలిస్తే చాలు.

ఆయన నా వంక చూశాడు. మొహం కందగడ్డలా ఉంది. తరవాత బెంచీ మీద నా కోడల్నీ, దాని గుప్పిట్లో పెన్నునూ, దాని పక్కన నిలబడ్డ లెక్కల టీచరునూ చూశాడు. చూసి, చేతులు పైకెత్తి నిలబడ్డాడు. టేపు చుట్టూ తిప్పుతుంటే నా వేళ్ళకు తెలిసింది. పొట్ట లోపలికి పోతోంది! లోపలికి, ఇంకా లోపలికి, వీపుకు తగులుతుందేమో అన్నంత లోపలికి.

గద్ద వంగి చూశాడు. "నలభై రెండు... న్నరా?"

"మీ వేలు అడ్డం ఉంది సార్. తీయండి."

తీశాడు. "నలభై రెండు." ఆయన గొంతులో నిరాశ దాగలేదు. ఇక వెళ్ళొచ్చా? వెళ్ళడే! న్యాపీని మడిచాడు. గుడ్డల మీద రాతలు రాసేవాళ్ళ గురించి ఉపన్యాసం మొదలుపెట్టాడు. "దేశం ఎటు పోతోందంటారు సార్?" అని హెడ్మాస్టరునే అడిగాడు. ఊపిరి బిగబట్టిన మనిషి ఏం చెప్తాడు? తల ఊపాడు. "మీరు అంగీకరిస్తారా?" మళ్ళీ ఊపాడు. ఎరుపు పోయి వంకాయ రంగు వచ్చింది మొహానికి. "సార్, పైన ఇంకో హాలుంది, చూస్తారా?" అని లెక్కల టీచరు గద్దను మెట్ల వైపు దారి పట్టించకపోతే, ఆ రోజు ఒక ప్రాణం పోయేది.

గద్ద మలుపు తిరిగాడు. హెడ్మాస్టరు ఊపిరి వదిలాడు.

గుండీ తూటాలా ఎగిరి, వెళ్ళి గంటకు తగిలి ఖంగుమంది. లోపల ఎవరో "అమ్మో, టైమైపోయిందా!" అన్నారు.

ఆయన రెండు చేతులతో ప్యాంటు పట్టుకుని నిలబడ్డాడు. నా కోడలు బిడ్డను నాకిచ్చి, ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ప్రతి నమస్కారం చేసే పరిస్థితిలో ఆయన లేడు. "వెళ్ళు, వెళ్ళు తల్లీ, రాసుకో. పోయిన టైమంతా చివర్లో ఇస్తాను. ఈ గొడవతో పోయింది కూడా," అన్నాడు. అది పరుగున లోపలికి పోయింది.

కడుపు నిండిన బుడంకాయ అప్పుడే కళ్ళు మూశాడు. వాణ్ణి బెంచీ మీద పడుకోబెట్టి, జాకెట్టుకు గుచ్చుకున్న సూది తీశాను. నా జాకెట్టుకు ఎప్పుడూ దారం ఎక్కించిన సూది ఒకటి ఉంటుంది. "రండి సార్, నిమిషంలో కుట్టేస్తాను."

"ఇక్కడా? అందరి ముందా?" చుట్టూ చూశాడు. "కాస్త చాటుకి..."

"చాటుందిగా సార్. మరుగుదొడ్ల పక్కన."

అనకుండా ఉండాల్సింది. ఇప్పుడే నా కోడల్ని కాపాడిన మనిషి. కానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది గనుక? ఆయన నన్ను చూశాడు. కోప్పడతాడనుకున్నాను. మెల్లగా, "ఆ వాసనకు అక్కడ ఒక్క నిమిషం కూడా నిలబడలేమండి," అన్నాడు.

"నిజమే సార్," అన్నాను. నాకే జాలేసింది. అటెండరును పిలిచి, "ఆ మ్యాపు ఇలా అడ్డం పట్టుకో నాయనా," అన్నాను. ప్రపంచ పటం వెనక హెడ్మాస్టరు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను గుండీ వెతికి తెచ్చి, రెండు దారాలు కలిపి గట్టిగా కుట్టాను. అయిపోయాక ఆయన, "మా స్టాఫ్‌రూము పక్కన ఒక గది ఖాళీగా ఉంది. పాత కుర్చీలు పడేసి ఉన్నాయి. రేపు తీయించేస్తాను," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియదు. లెక్కల టీచరు అప్పుడే మెట్లు దిగుతోంది, విన్నట్టే ఉంది.

గంట కొట్టారు. అందరూ కాగితాలిచ్చి వెళ్ళిపోయారు. గద్ద కూడా ఎగిరిపోయాడు. అంత పెద్ద హాల్లో నా కోడలు ఒక్కతే మిగిలింది, వంగి రాసుకుంటూ. మా ప్రాణాలన్నీ ఆ పెన్ను కొసన ఉన్నాయి.

బుడంకాయ లేచాడు.

పరుగున వాణ్ణి ఎత్తుకుని నోరు మూయబోయాను, ఊపాను, బతిమాలాను. "ఒరే నాయనా, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ కాసేపు ఆగరా!" వాడు ఆగుతాడా? లోపల పెన్ను ఆగింది. అది తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఇది చివర్లో కలిపిన సమయం, దీనికి మళ్ళీ కలపరు; బయటికి వస్తే ఈ కాస్తా పోతుంది. రాకపోతే వీడి ఏడుపుతో పోతుంది.

హెడ్మాస్టరు నా దగ్గరికి వచ్చి చేతులు చాపాడు. "ఇలా ఇవ్వండి."

"ఎక్కడికి సార్?"

ఆయన వాణ్ణి తీసుకుని, ఈసారి వేడి గిన్నెలా కాకుండా ఛాతీకి ఆనించుకుని, తిన్నగా పరీక్ష హాల్లోకి నడిచి వెళ్ళాడు. నా కోడలి ఒళ్ళో పెట్టాడు.

"ఇక్కడే ఇవ్వమ్మా. ఒక చేత్తో రాయగలవా?"

"రోజూ అలాగే చదివాను సార్," అంది అది.

ఎడమ చేతిలో బిడ్డ, కుడి చేతిలో పెన్ను. ఏడుపు ఆగింది, పెన్ను కదిలింది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, సిగ్గుపడలేదు కూడా. దగ్గరికి వెళ్ళి చూద్దామని గుమ్మంలో కాలు పెట్టాను. హెడ్మాస్టరు హాలుకు వీపు పెట్టి, తలుపుకు అడ్డంగా, రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"పరీక్ష జరుగుతోంది. బయటి వ్యక్తులకు ప్రవేశం లేదు."

"మరి వాడో?"

"వాడు లోపలివాడేనండి," అన్నాడు.

నా కోడలికి ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బుడంకాయ వరండాలో పాకుతున్నాడు, వాళ్ళమ్మ పొలాల్లో భూమి కొలిచే గొలుసు పట్టుకుని తిరుగుతోంది. మొన్న హెడ్మాస్టరు గారు కొత్త ప్యాంటు గుడ్డ తెచ్చారు. కొలిచాను. ఆయన మెడ చాచి, నేను గుడ్డ ముక్క మీద పేరేం రాస్తున్నానో చూశారు. "హెడ్మాస్టరు గారు" అని రాశాను. తృప్తిగా తల ఊపారు.

"నడుము నలభై అయిదొచ్చింది సార్," అన్నాను.

"నలభై రెండు రాయండి," అన్నారు గంభీరంగా. "స్క్వాడు వచ్చి కొలిచి తేల్చిన నడుమండి ఇది. మనం మార్చడానికి లేదు."

చెప్పినట్టే నలభై రెండని రాశాను. గుడ్డ మాత్రం నలభై ఆరుకు కత్తిరించాను.